పక్కగదిలో ఎవరూ లేరు

జూన్ 4

ఇవాళ నాకు మాటలిచ్చారు.

మళ్లీ రాసుకుంటాను, సరదాగా ఉంది. ఇవాళ నాకు మాటలిచ్చారు.

ఇన్నాళ్లూ సినిమాల్లో నా పని చావడం. కాలవలో చచ్చాను, కారు డిక్కీలో చచ్చాను, లిఫ్టులో ఇరుక్కుని కూడా చచ్చాను. కళ్లార్పకుండా, పొట్ట కదలకుండా పడుండటంలో నాకు పేరుంది. ఓసారి షాటు అయిపోయాక కూడా లేవకుండా పడుకుంటే మేకప్‌మాన్ కంగారుపడి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. కొరికాను. అప్పట్నుంచీ వాడు నా దగ్గరికి అసిస్టెంటునే పంపిస్తాడు.

ఈ సినిమాలో బతికున్నాను. ముద్దాయిని. కథేంటంటే ఒక పోలీసాఫీసరు. మనిషి మంచివాడే కానీ బుర్ర నిలకడగా ఉండదు. తను వెతుకుతున్న హంతకుడు తనేనేమోనని తనకే అనుమానం. చివరికి ఏమవుతుందో గడ్డం ఎవరికీ చెప్పడు. గడ్డం అంటే మా డైరెక్టరు. ముఖం తక్కువ, గడ్డం ఎక్కువ. నా సీను వరకూ నాకు చెప్పాడు. చెయ్యని నేరాన్ని భయపడి ఒప్పేసుకునే అమాయకుడిని నేను. నా మొహంలో అమాయకత్వం ఎక్కడ కనపడిందో ఆయనకే తెలియాలి. మా ఆవిడకి చెప్తే, ఆయన్ని కళ్ల డాక్టరుకి చూపించుకోమను అంది.

నాలుగు మాటలు. ఆ తర్వాత ఏడుపు. ఏడుపుకి గ్లిజరిన్ వద్దన్నాను. చూద్దాం.

జూన్ 5

అక్క ఫోన్ చేసింది. బావ సంగతి అలాగే ఉందట.

మా బావ అసలు పోలీసు. ఇన్‌స్పెక్టరు. పోయినేడాది ఒక గోడౌన్ కాపలావాడిని ఎవరో చంపేస్తే ఆ కేసు చిటికెలో తేల్చాడని పైవాళ్లు పతకం ఇచ్చారు. మేమంతా వెళ్లి చప్పట్లు కొట్టాం. నేను ఈల కూడా వేశాను. ఆ పతకం ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ మనిషి మాట్లాడటం మానేశాడు. మెల్లగా సెలవు పెట్టాడు. ఇప్పుడు బాల్కనీలో కుర్చీ వేసుకుని ఎదురింటి గోడ చూస్తూ కూర్చుంటాడట. రంగు పెచ్చులూడిన గోడ అది. అందులో చూడ్డానికేముంది.

నీ కోతివేషాలేవో వేసి ఈయన్ని కాస్త నవ్వించరా అంది అక్క. అంతకన్నా మంచి ఆలోచన వచ్చింది నాకు. గడ్డానికి ఒక అసలు పోలీసు కావాలి, హీరోకి నడకా కూర్చోవడం నేర్పడానికి. బావకి ఇల్లు కదలాలి. ఇద్దరికీ నేనే దిక్కు.

నా తెలివికి నేనే ముచ్చటపడుతున్నాను.

జూన్ 6

బావని సెట్‌కి తీసుకెళ్లాను. ఊరి బయట పాత షెడ్డులో పోలీస్ స్టేషన్ వేశారు. ప్లైవుడ్ గోడలు, అట్టముక్కతో చేసిన తాళంకప్ప, బల్ల మీద బస్తాల్లో తెచ్చి చల్లిన దుమ్ము. బావ తలుపు దగ్గరే ఆగిపోయాడు. నిజం స్టేషన్‌లా ఉందా బావా అంటే, దీనికన్నా అది శుభ్రంగా ఉంటుంది అన్నాడు. చాలా రోజులకి ఒక పూర్తి వాక్యం. అక్కకి వెంటనే మెసేజ్ పెట్టాను.

బావ రాకని వృథా పోనివ్వకూడదని మైకు మీద ఒక ప్లాను వేశాను. మైకు అంటే మా అసిస్టెంట్ డైరెక్టరు. నలభై ఏళ్లుంటాయి, గొంతు మాత్రం నలుగురిది. నీ బండి ఎవరినో గుద్దిందట, ఇన్‌స్పెక్టరుగారు నిన్నే వెతుక్కుంటూ వచ్చారని చెవిలో ఊదాను. మైకు మొహం పిండి చల్లినట్టయింది. బావ రెండు నిమిషాలు ఊఁ కొట్టి ఉంటే ఎంత బాగుండేది. కానీ ఆయన నావైపు తిరిగి, భయపడ్డవాడితో ఆడుకోకురా అని వెళ్లిపోయాడు. మైకు నన్ను బూతులు తిట్టాడు. అందులో ఒకటి కొత్తది, బాగుంది.

తర్వాత హీరోగారి షాటు. మా దగ్గర పద్ధతి ఏంటంటే ఇప్పుడు ధ్వని ఎవరికీ అక్కర్లేదు, మాటలు తర్వాత డబ్బింగ్‌లో చెప్పుకుంటారు. కాబట్టి మైకు కాగితం పట్టుకుని కెమెరా పక్కన నిలబడి ఒక్కో మాటా అరుస్తాడు, యాక్టరు దాన్ని పలుకుతాడు. ప్రాంప్టింగ్ అంటారు. మైకు "నిజం ఒప్పుకో" అన్నాడు, హీరో "నిజం ఒప్పుకో" అన్నాడు. ఎదుటివాడి మాట కూడా మైకే అరిచాడు, ఎదుటివాడూ అదే అన్నాడు.

అదేంటి అనడిగాడు బావ. చెప్పాను. అందిస్తే అనడమేనా అన్నాడు. అంతే బావా, బుర్రతో పనిలేదు, అందుకే నాలాంటివాళ్లకి అన్నం దొరుకుతోంది అన్నాను. బావ బయటికెళ్లి కుళాయి కింద తల పెట్టి చాలాసేపు ఉండిపోయాడు.

షెడ్డు రేకులు కదా. ఎండ అలాంటిది.

జూన్ 7

బాత్రూంలో నా మాటలు ప్రాక్టీసు చేస్తుంటే మా ఆవిడ ఎవరితోనో ఫోన్లో అంటోంది, ఏం లేదు వదినా, ఆయన హత్య ఒప్పుకుంటున్నాడు, అయ్యాక స్నానం చేస్తాడు.

జూన్ 10

అయింది. నా సీను అయింది.

మొదటినుంచీ రాసుకోవాలి, లేకపోతే నేనే నమ్మను.

నన్ను ప్రశ్నించే ఆఫీసరు వేషం వెయ్యాల్సిన నటుడికి జ్వరం. పొద్దున్నే కబురొచ్చింది. గడ్డం గడ్డం పీక్కున్నాడు. ఒక్కసారి బావవైపు చూశాడు. బావ యూనిఫాంలోనే ఉన్నాడు, సెట్‌కి రోజూ అలాగే వస్తాడు, ఎందుకో అడగొద్దంది అక్క. మీరు కూర్చోండి సార్, రెండే మాటలు, మావాడు అందిస్తాడు అన్నాడు గడ్డం. బావ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

నా ముందు కాగితం, చేతిలో పెన్ను. నేను నేరం ఒప్పుకుని సంతకం పెట్టాలి. షెడ్డు వెనకే జనరేటరు, చెవులు చిల్లులు పడేలా మోత. మైకు గొంతు చించుకుంటున్నాడు. "నీ ఇంట్లోవాళ్ల సంగతి ఆలోచించుకో, సంతకం పెట్టు." బావ అనాల్సిన మాట అది.

బావ అనలేదు. నా కళ్లలోకి చూస్తూ ముందుకి ఒంగాడు. మైకు రెండోసారి అరిచాడు. బావ నా చేతి మీద చెయ్యి వేసి, పెన్ను కదలకుండా పట్టుకుని, నాకొక్కడికే వినపడేలా అన్నాడు.

"పక్కగదిలో ఎవరూ లేరు. సంతకం పెట్టకు."

బావ చెయ్యి మంచుముక్కలా ఉంది. మైకు నా మాట అరిచాడు. ఏం చెయ్యను, ఆ మాటే అన్నాను. "నేనే చేశాను సార్" అన్నాను. కళ్లలోంచి నీళ్లు వాటంతటవే వచ్చాయి. గ్లిజరిన్ లేదు, ఏమీ లేదు.

గడ్డం కట్ చెప్పడం మర్చిపోయాడు. చెప్పాక అందరూ చప్పట్లు. మేకప్‌మాన్ దగ్గరికొచ్చి నా భుజం తట్టాడు, వేళ్లు నా నోటికి దూరంగానే ఉంచుకుని. గడ్డం బావ చేతులు పట్టుకుని, ఆ కళ్లు ఎక్కడివి సార్, మా హీరోకి నేర్పండి అన్నాడు. రెండో టేకు అక్కర్లేదన్నాడు. నా సీనుకి ఒకే టేకు!

ఆయనేం అన్నాడో ఎవరికీ వినపడలేదు. జనరేటరు మోత, మైకు కేకలు. నేనొక్కడినే విన్నాను.

బావ బాగా నటించాడు.

జూన్ 11

బావ నటించాడు. అంతే.

జూన్ 12

అక్క ఇంటికెళ్లాను. సరదాగానే వెళ్లాను. నటనలో నన్ను మించిపోయావు బావా అని మొదలుపెట్టాను. అక్క లోపల బట్టలు మడతపెడుతోంది. బావ గోడ చూస్తూనే చెప్పడం మొదలుపెట్టాడు. నేను అడగలేదు. ఇది రాసిపెట్టుకుంటున్నాను, నేను అడగలేదు.

గోడౌన్ కేసులో దొరికినవాడు రంగులేసే మనిషి. ముందు వారమే ఆ గోడౌన్‌కి రంగులేశాడు కాబట్టి పట్టుకొచ్చారు. చెయ్యలేదు సార్ అని ఒకటే మాట. పైనుంచి ఫోన్లు. చెయ్యి చేసుకోవడం బావకి అలవాటు లేదు. అందుకని ఒక అబద్ధం చెప్పాడు. నీ భార్యని కూడా తీసుకొచ్చాం, పక్కగదిలో ఉంది, నువ్వు ఒప్పుకుంటే ఆవిణ్ణి ఇంటికి పంపించేస్తాం అన్నాడు. పక్కగదిలో ఎవరూ లేరు. పాత ఫైళ్లు, విరిగిన ఫ్యాను. వాడు ఆ తలుపువైపే చూస్తూ, ఏం చెప్పమంటారో చెప్పండి సార్ అన్నాడట.

బావ అందించాడు. దేంతో కొట్టావు, ఇనప రాడ్డుతోనా. అవును సార్, ఇనప రాడ్డుతో. వెనకనుంచా. అవును సార్, వెనకనుంచి. కింద సంతకం పెట్టి, ఇంక ఆవిణ్ణి పంపించేస్తారా అనడిగాడట. బావ పంపించేశాం అన్నాడట.

"వాడికి ఒక్క విషయం కూడా సొంతంగా తెలీదురా. అన్నీ నేనన్నవే. మీ సెట్లో వాడెవడో అరుస్తుంటే నా గొంతే వినపడింది" అన్నాడు.

వచ్చే నెల తీర్పు. వాడు ఇంకా లోపలే ఉన్నాడు. బావ బయటపెడితే ఉద్యోగం పోతుంది, కేసు బావ మీదకే తిరుగుతుంది, అక్కకి ఈ క్వార్టర్ ఉండదు. ఏం చెయ్యమంటావు అనడిగాడు. జీవితంలో నన్ను సలహా అడిగిన మొదటి మనిషి మా బావ.

నేనేమన్నానంటే, ముందు సినిమా రానీ బావా అన్నాను.

అక్క గురించే అన్నాను. సినిమా గురించి కాదు.

జూన్ 14

వాడు నిజంగానే చేసుండొచ్చు కదా. రంగులేసేవాళ్లంతా మంచివాళ్లని ఎక్కడైనా రాసుందా.

జూన్ 24

గడ్డం ఆఫీసుకి పిలిపించాడు. టీజరు కోయిస్తున్నాడట, అందులో మొదటి ముక్క మా సీనే. నా మొహం! టీవీలో, ఫోన్లలో, అందరి అరచేతుల్లో నా మొహం. కుర్చీలో కూర్చోలేకపోయాను.

చీకటిగదిలో నన్ను నేను చూసుకున్నాను. ఏడుస్తుంటే ముక్కు ఎర్రబడుతుంది నాకు, ఇన్నేళ్లకి తెలిసింది. తర్వాత బావ. బావ పెదవులు కదులుతున్నాయి. ధ్వని పెడితే జనరేటరు మోతా మైకు కేకలూ తప్ప ఏమీ లేవు. చిక్కు అక్కడే వచ్చింది. స్క్రిప్టులో ఉన్న మాట ఆ పెదవులకి అతకడం లేదు. మీ బావ ఏమన్నాడు, నువ్వే కదా ఎదురుగా ఉన్నది అనడిగాడు గడ్డం.

నా నోరు నాకన్నా వేగం. ఆలోచించకుండా చెప్పేశాను. పక్కదారి పట్టించకు, సంగతి చెప్పేయ్. ఇలా అన్నాడు సార్.

నాలుగుసార్లు వేసి చూశారు. అటూ ఇటూగా అతికింది. గడ్డం ఎగిరి గంతేశాడు. స్క్రిప్టులోదానికన్నా ఇదే బాగుందని కాగితం మీద రాయించాడు. ఎల్లుండి మర్నాడు డబ్బింగ్, మీ బావ గొంతే కావాలి, తీసుకురా అన్నాడు.

సమయానికి అబద్ధం తట్టడం ఒక వరం. నాకది పుట్టుకతో ఉంది. దారంతా పాట పాడుకుంటూ వచ్చాను.

అన్నం సయించలేదు. సంతోషం ఎక్కువైతే అలాగే ఉంటుంది.

జూన్ 27

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

డబ్బింగ్ గది అంటే అగ్గిపెట్టె. గోడలకి స్పాంజి, మధ్యలో మైకు (మనిషి కాదు, వస్తువు), ఎదురుగా చిన్న తెర. అద్దం అవతల గడ్డం, సౌండ్ ఇంజినీరు. బావ కళ్లజోడు తెచ్చుకోలేదు, కాగితం కనపడటం లేదన్నాడు. సరే నువ్వే పక్కన నిలబడి అందించు అన్నాడు గడ్డం నాతో.

అలా ప్రాంప్టర్నయ్యాను.

ఆ ముక్క తెర మీద తిప్పితిప్పి వేస్తారు. బావ ఒంగుతాడు, నా చేతి మీద చెయ్యి వేస్తాడు, పెదవులు కదులుతాయి. అయిపోతుంది. మళ్లీ ఒంగుతాడు. తన పెదవులు తనకి తెలీకుండా ఉంటాయా. మూడుసార్లు తిరిగేసరికి బావ మెడ మీద చెమట కారింది.

నేను అందించాను. "పక్కదారి పట్టించకు, సంగతి చెప్పేయ్."

బావ నావైపు చూశాడు. ఈ మాట ఎక్కడిదని అడగలేదు. అన్నాడు. నేనన్నది అన్నట్టే, నా విరుపుతో సహా అన్నాడు. అద్దం అవతల గడ్డం బొటనవేలు చూపించి, ఇంకొకటి చేద్దాం సార్, కాస్త కోపంగా అన్నాడు. నేను కోపంగా అందించాను. బావ కోపంగా అన్నాడు. ఇంకా మెల్లగా అందించాను. మెల్లగా అన్నాడు. ఎలా అందిస్తే అలా. ఏం చెప్పమంటారో చెప్పండి అన్నట్టు నా నోటివైపే చూస్తున్నాడు.

ఇంతమందిని ఏడిపించాను, భయపెట్టాను, ఆడించాను. ఇంత బాగా ఆడినవాడు ఎవడూ లేడు. నాకు నవ్వు రాలేదు.

తెర మీద నా మొహం వచ్చింది, ఎర్రముక్కుతో. బాగుంది, నిజం చెప్పాలంటే చాలా బాగుంది. ఇంకోసారి చూసుకున్నాను, తనివితీరా. తర్వాత ఆ కాగితాన్ని స్టూలు మీద పెట్టి దాని మీద కూర్చున్నాను.

"నేను అందించను బావా. ఆ రోజు నువ్వేమన్నావో అదే అను" అన్నాను.

తెర మీద ముక్క ఒకసారి తిరిగింది. గడ్డం అవతలనుంచి ఏమైందనడిగాడు. రెండోసారి తిరిగింది. నా గుండె చప్పుడు మైకులో పడుతుందేమో అనుకున్నాను. మూడోసారి తెర మీద బావ ఒంగినప్పుడు, ఇక్కడ బావ కూడా ఒంగాడు.

"పక్కగదిలో ఎవరూ లేరు. సంతకం పెట్టకు."

పెదవులకి వెంట్రుకవాసి తేడా లేదు. ఇంజినీరు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. అద్భుతం, ఇదేం మాట, ఇది ఎవరు రాశారు అని గడ్డం లోపలికి పరిగెత్తుకొచ్చాడు. బావ హెడ్‌ఫోన్లు తీసి ఆయన చేతిలో పెట్టి, "ఇది సినిమా మాట కాదండీ. ఒక మనిషితో అనాల్సిన మాట. ఆ మనిషికి ఇంకా చెప్పలేదు" అన్నాడు. అప్పుడు అంతా చెప్పాడు, గోడౌనూ, విరిగిన ఫ్యానూ అన్నీ. గడ్డం నోరు తెరుచుకుని నిలబడ్డాడు. గడ్డంలో నోరుందని ఇవాళే చూశాను.

బయటికొచ్చాక, నాతో వస్తావా అన్నాడు బావ. ఎక్కడికి అని అడగలేదు. స్కూటరు తీశాను. ఎంత వేగంగా నడిపానో, వెనక కూర్చున్న పోలీసే నెమ్మదిగా పోనిమ్మన్నాడు.

జూన్ 28

బావ ఆ రంగులేసే మనిషి లాయరు దగ్గర కూర్చుని అంతా చెప్పి, తనే సంతకం పెట్టాడు. తీర్పు ఆపమని కోర్టుని అడుగుతానన్నాడు లాయరు. బావ పతకం అట్టపెట్టెలో పెట్టి పైఆఫీసుకి పంపించేశాడు.

ఆయన వెళ్లి మంచం మీద పడుకోగానే అక్క నా వీపు మీద ఒక్కటిచ్చింది. నవ్వించమంటే ఉద్యోగం ఊడగొట్టించావు కదరా అంది. తర్వాత అక్కడే కూలబడి, ఆయన గుర్రు వినిపిస్తోందిరా, ఎన్నాళ్లయిందో విని అంది.

టీజర్లోంచి మా ముక్క తీసేశారట. సినిమాలో ఉంచాలా వద్దా గడ్డానికే తెలీదట. తిట్టుకోవడానికి డైరీ తెరిచాను, తిట్టు ఒక్కటీ దొరకలేదు.

జూలై 1

రంగులేసే మనిషి భార్య ఇల్లు కనుక్కున్నాం. ఒకే గది. కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉంది, నోట్లో గుండుసూదులు. బావ గడప అవతలే నిలబడి చెప్పాడు. దాచలేదు, మెత్తగా చెయ్యలేదు. ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

"నేనా? పక్కగదిలోనా? ఆ రోజు నేను ఇదిగో ఈ మిషను ముందే ఉన్నాను."

బావ తల దించుకున్నాడు.

"సంతకం పెట్టాడని మీరే కదా చెప్పారు. పెట్టాడంటే చేశాడనే అనుకున్నాను. హంతకుడి మొహం చూడనని ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా వెళ్లలేదు నేను" అంది. బావని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆయన్ని పక్కకి తప్పుకోమని సైగ చేసి, చెప్పులు వేసుకుంటూ నన్నడిగింది, జైల్లో ములాఖత్ ఎన్నింటిదాకా ఉంటుందని. మీరు రావద్దని మాత్రం బావతో అంది.

స్కూటరు మీద తీసుకెళ్లాను. అందుతామో లేదోనని ప్రాణం కొట్టుకుపోయింది. అడ్డదారిన పడ్డాను, ఒక చెత్తబండి వెనక ఇరుక్కుని దాని డ్రైవరుకి నా దగ్గరున్న మంచి తిట్లన్నీ ఖర్చుపెట్టాను. వెనక ఆవిడ కూడా రెండు కలిపింది. గేటు మూసే ముందు దిగబెట్టాను. కాపలావాడితో గొడవపడి, బతిమాలి, చివరికి కాళ్లు పట్టుకుంటానంటే లోపలికి పంపించాడు.

గేటు బయట గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఒక్క జోకు కూడా తట్టలేదు.

ఆవిడ బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. నా సీసాలో నీళ్లు సగం తాగింది. నేను అడగలేదు. తనే చెప్పింది.

"ఇన్నాళ్లూ రానందుకు తిడతాడనుకున్నాను. నన్ను చూడగానే లేచి కమ్మీల దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. నువ్వు ఇంట్లోనే ఉన్నావని లాయరు ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదట, ఉంటే రాకుండా ఉంటుందా అని. నా చేతులు తడిమి చూసి, ఒకటే అడిగాడు. నిన్నెప్పుడు వదిలారు అన్నాడు."